అనుమానానికి కులం ఉన్నచోట స్వేచ్ఛ ఎవరిది?

పౌరుడి ఇంట్లోకి పోలీసు ఎప్పుడు, ఏ కారణంతో ప్రవేశించవచ్చునో మన రాజ్యాంగంలోని మూడవ భాగం నేరుగా చెప్పదు. ప్రాథమిక హక్కుల అధ్యాయంలో ఈ ఖాళీ యాదృచ్ఛికంగా ఏర్పడినది కాదు. 1947లో ప్రాథమిక హక్కుల ఉపసంఘం ముందుకు వచ్చిన తొలి ముసాయిదాల్లో, అకారణ సోదాల నుంచి వ్యక్తికీ, అతని ఇంటికీ, కాగితాలకూ రక్షణ కల్పించే నిబంధన ఉండేది. కె.ఎం. మున్షీ ముసాయిదాలోనూ, అంబేడ్కర్ సమర్పించిన పత్రంలోనూ ఆ ఆలోచన స్పష్టంగా కనిపిస్తుంది. నేర పరిశోధనకు ఆటంకం కలుగుతుందని అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, బి.ఎన్. రావు వంటి న్యాయకోవిదులు అభ్యంతరం చెప్పడంతో అది పక్కకు తప్పుకుంది. 1948 డిసెంబరులో కాజీ సయ్యద్ కరీముద్దీన్ దాన్ని సవరణ రూపంలో మళ్లీ రాజ్యాంగ సభ ముందుకు తెచ్చారు. అది ఉపయోగకరమైన నిబంధనేననీ, రాజ్యాంగంలో చేర్చవచ్చుననీ అంబేడ్కర్ అంగీకరించారు. అయినా తుది ప్రతిలో దానికి చోటు దక్కలేదు.

ఈ ఖాళీకి అందరూ ఒకే మూల్యం చెల్లించలేదు. ప్రహరీ గోడ, గేటు, పిలిస్తే పలికే న్యాయవాది ఉన్న ఇంటికి రాజ్యాంగం మౌనంగా ఉన్నా కొంత రక్షణ ఉంటుంది. తడికే తలుపైన ఇంటికి, పుట్టుకతోనే పోలీసు స్టేషన్ రికార్డులోకి పేర్లు ఎక్కిన వాడకు ఆ రక్షణ లేదు. పౌరస్వేచ్ఛలను ప్రభుత్వానికీ వ్యక్తికీ మధ్య వ్యవహారంగా మాత్రమే చూసే అలవాటు మన విశ్వవిద్యాలయాల్లోనూ, న్యాయస్థానాల్లోనూ బలంగా ఉంది. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ప్రభుత్వం ఎవరిని వ్యక్తిగా చూస్తోంది? ఎవరిని కులంగా చూస్తోంది?

1871 నాటి నేరస్థ జాతుల చట్టం ఈ ప్రశ్నకు వలస ప్రభుత్వం ఇచ్చిన జవాబు. కులానికొక వృత్తి ఉన్న దేశంలో కొన్ని కులాలకు నేరమే వంశపారంపర్య వృత్తి అయి ఉంటుందన్న తర్కం మీద ఆ చట్టం నిలబడింది. వర్ణవ్యవస్థ చెప్పే జన్మసిద్ధ గుణాల సిద్ధాంతాన్ని ఆంగ్లేయులు తమ న్యాయశాస్త్రంలోకి యథాతథంగా తెచ్చుకున్నారు. ఒక జాతిని నోటిఫై చేస్తే చాలు. ఆ తర్వాత అందులోని వ్యక్తులను రిజిస్టరులో నమోదు చేయవచ్చు, హాజరు వేయించవచ్చు, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటకుండా కట్టడి చేయవచ్చు. నేరం చేశాడా లేదా అన్న విచారణతో పనిలేదు. నోటిఫికేషన్ సరైనదా కాదా అని ప్రశ్నించే అధికారం న్యాయస్థానాలకు లేకుండా చట్టంలోనే అడ్డుకట్ట వేశారు. వ్యక్తి స్వేచ్ఛకు కనీస హామీ అయిన న్యాయ సమీక్షనే తొలగించిన చట్టం అది.

1911లో ఈ చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించారు. ఎరుకల, దొమ్మర వంటి తెలుగు జాతులు దాని వలలో పడ్డాయి. ఎరుకలవారు ఒకప్పుడు ఉప్పునూ ధాన్యాన్నీ పశువుల మీద వేసుకొని తీరానికీ లోపలి ప్రాంతాలకూ మధ్య తిరిగిన వర్తకులు. రైలు మార్గాలు, ప్రభుత్వ ఉప్పు విధానం కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయిన జాతిని ఆదుకోవలసిన ప్రభుత్వం దాని సంచారాన్నే నేరంగా చూసింది. బాపట్ల సమీపంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన స్టువర్టుపురం ఆ చరిత్రకు మిగిలిన సాక్ష్యం. మద్రాసు గవర్నర్ కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద ఆ ఊరు ఏర్పడింది. ఊరి పేరు ఒక అధికారిది, ఊళ్లోని మనుషుల మీద పడిన ముద్ర పోలీసు శాఖది. శతాబ్దం దాటినా తెలుగు సినిమాలోనూ, వార్తాకథనాల్లోనూ ఆ పేరును దొంగతనానికి పర్యాయపదంగా వాడుతూనే ఉన్నారు. ఆ ఊళ్లో చదువుకొని ఉద్యోగం సంపాదించిన మనిషి కూడా సొంత ఊరి పేరు చెప్పడానికి తటపటాయించే పరిస్థితి వస్తే, అది ఆ వ్యక్తి బలహీనత కాదు. ఒక చట్టం మిగిల్చిన శిక్ష.

1952 ఆగస్టు 31న కేంద్రం ఈ చట్టాన్ని రద్దు చేసింది. అంటే రాజ్యాంగం అమల్లోకి వచ్చిన తర్వాత కూడా రెండున్నరేళ్లకు పైగా, పుట్టుకను బట్టి నేరస్థులైన పౌరులు ఈ గణతంత్ర రాజ్యంలో ఉన్నారు. మద్రాసు ప్రభుత్వం 1947లోనే రద్దు నిర్ణయం తీసుకున్నా, మరుసటి ఏడాదే అలవాటు నేరస్థుల నియంత్రణ చట్టాన్ని తెచ్చింది. 1962లో ఆంధ్రప్రదేశ్ తన సొంత అలవాటు నేరస్థుల చట్టాన్ని చేసుకుంది. కొత్త చట్టాల భాషలో జాతి లేదు, వ్యక్తి మాత్రమే ఉన్నాడు. కాగితం మీద ఇది పెద్ద మార్పే. కానీ పాత రిజిస్టర్లు, వాటిని తిరగేసే చేతులు, ఏ వాడకు వెళ్లి ఎవరిని లేపాలన్న అలవాటు మారలేదు. మన వాడుక భాషలో తిట్టుగా స్థిరపడిన ‘కేడీ’ అన్న మాట పోలీసు రిజిస్టరులోని ‘నోన్ డిప్రెడేటర్’ అన్న పదబంధానికి పొడి అక్షరాలే. పోలీసు పరిభాష ఊరి భాషగా మారేంత లోతుగా ఆ రిజిస్టరు మన సమాజంలోకి దిగింది.

రిజిస్టరుకూ రాజ్యాంగానికీ మధ్య తొలి ముఖాముఖి 1962లో ఖరక్ సింగ్ కేసులో జరిగింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్‌ను 1941లో ఒక దోపిడీ కేసులో అరెస్టు చేసి, సాక్ష్యం లేదని వదిలేశారు. కేసు పోయింది కాని అతని పేరు మీద హిస్టరీ షీట్ మిగిలింది. రాత్రుళ్లు తలుపు తట్టడం, ఇంటి చుట్టూ రహస్య నిఘా, ఊరు దాటితే సమాచారం ఇవ్వాలన్న షరతు, ఇవన్నీ పోలీసు నియమావళి పేరుతో సాగాయి. సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రాత్రిపూట ఇంటికి రావడాన్ని మాత్రమే కొట్టివేసింది. మిగిలిన నిఘాను సమర్థించింది. గోప్యత ప్రాథమిక హక్కు కాదని చెప్పింది.

ఆ ధర్మాసనంలో రాజమండ్రిలో పుట్టిన తెలుగువాడు, జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షాతో కలిసి భిన్నాభిప్రాయం రాశారు. వ్యక్తిగత స్వేచ్ఛ అంటే సంకెళ్లు లేకపోవడం మాత్రమే కాదనీ, నిఘా నీడలో బతికే మనిషి స్వేచ్ఛగా కదలగలడనడం నిజం కాదనీ ఆయన వాదించారు. భయం మనసులో వేసే సంకెల కూడా సంకెలేనన్నది ఆ తీర్పు సారాంశం. అందుకే నిఘా నిబంధన మొత్తాన్నీ కొట్టివేయాలన్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినప్పుడు, సుబ్బారావు చూపిన దారే సరైనదని అంగీకరించింది. దాదాపు 55 ఏళ్ల తర్వాత మైనారిటీ అభిప్రాయం దేశ న్యాయశాస్త్రంగా మారింది. గోప్యతలో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయబద్ధమైన లక్ష్యం ఉండాలి, తీసుకునే చర్య ఆ లక్ష్యానికి తగినంత మేరకే ఉండాలి అన్నది ఆ తీర్పు పెట్టిన పరీక్ష.

ఈ పరీక్ష పెట్టిన అయిదు నెలలకే, 2018 జనవరి 18న, తెలంగాణ పోలీసులు సకల నేరస్థుల సమగ్ర సర్వే పేరుతో రాష్ట్రమంతటా కేసుల్లో ఉన్నవారి ఇళ్లకు వెళ్లారు. ఫొటోలు, వేలిముద్రలు తీసుకున్నారు. ఇళ్లను డిజిటల్ పటం మీద గుర్తించారు. ఒకప్పుడు సెటిల్‌మెంట్ గుమస్తా సిరాతో చేసిన పనిని ఇప్పుడు ట్యాబ్లెట్ చేసింది. 2022లో పార్లమెంటు చేసిన నేర విచారణ గుర్తింపు చట్టం వేలిముద్రలు, కనుపాప వివరాలు, జీవ నమూనాల వంటి కొలతలను 75 ఏళ్లు భద్రపరచవచ్చునంటోంది. నిర్దోషిగా తేలితే తొలగించే వీలు ఉంది కాని అది అంతకుముందు ఏ శిక్షా పడనివారికే, అదీ న్యాయ ప్రక్రియ అంతా ముగిశాకే. సగటు మనిషి ఆయుష్షు కన్నా ఎక్కువకాలం నిలిచే ఈ రికార్డు తొలి రూపాన్ని నేరస్థ జాతుల రిజిస్టరులో చూసిన సమాజానికి, సాంకేతికత తటస్థమైనదన్న మాట అంత తేలిగ్గా మింగుడు పడదు.

ఇక్కడ రాజ్యాంగ రక్షణల్లోని ఒక నిర్మాణ లోపాన్ని గమనించాలి. 22వ అధికరణ అరెస్టయిన వ్యక్తికి కారణాలు తెలుసుకునే హక్కు, న్యాయవాది సాయం, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరు అన్న హామీలు ఇస్తుంది. ఈ హామీలన్నీ అరెస్టుతో మొదలవుతాయి. అరెస్టుకు ముందు దశ, అంటే అనుమానం, ఫైలు, షీటు, రాత్రి తనిఖీ, వీటి దగ్గర పౌరుడికి నోటీసు లేదు, విచారణ లేదు, గడువు తెలియదు. రౌడీ షీట్లకూ, హిస్టరీ షీట్లకూ ఆధారం పోలీసు శాఖ స్టాండింగ్ ఆర్డర్లు. అవి శాసనసభ చర్చించి చేసిన చట్టాలు కావు. తన మీద షీట్ ఉన్న సంగతి చాలామందికి పండుగ బందోబస్తు ముందు స్టేషన్‌కు పిలిచినప్పుడో, బైండోవర్ చేసినప్పుడో, ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ వచ్చినప్పుడో తెలుస్తుంది. కులం పనిచేసేది సరిగ్గా ఈ దశలోనే. న్యాయస్థానంలో సాక్ష్యం కావాలి, స్టేషన్‌లో అనుమానం చాలు. సాక్ష్యం వ్యక్తికి సంబంధించినది. అనుమానాన్ని మాత్రం వాడకూ, ఇంటిపేరుకూ, జాతికీ అంటగట్టవచ్చు.

22వ అధికరణలోనే రెండవ లోపం కూడా ఉంది. ముందస్తు నిర్బంధానికి ఆ హామీలు వర్తించవని అదే అధికరణ చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన పీడీ చట్టం కింద ‘గూండా’ అనో, ‘డ్రగ్ అఫెండర్’ అనో ముద్ర వేసి ఏడాది వరకు జైల్లో ఉంచవచ్చు. సాధారణ నేరాలకు సైతం తెలంగాణలో ఈ చట్టాన్ని ప్రయోగించే ధోరణిని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో తీవ్రంగా తప్పుపట్టింది. 2024 మార్చిలో మరో నిర్బంధ ఉత్తర్వును కొట్టివేస్తూ, సలహా మండళ్లు యాంత్రికంగా ఆమోదముద్ర వేసే సంస్థలు కారాదని హెచ్చరించింది. బెయిలు వచ్చిన వెంటనే పీడీ ఉత్తర్వు వచ్చే చోట, బెయిలు ఇచ్చిన న్యాయమూర్తి కన్నా నిర్బంధ ఉత్తర్వు ఇచ్చిన అధికారి పెద్దవాడవుతాడు.

ఈ యంత్రాంగం చివరకు ఎవరిని జైలుకు చేరుస్తోందో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2019 చివరి గణాంకాల ఆధారంగా కేంద్రం రాజ్యసభకు ఇచ్చిన సమాధానం ప్రకారం దేశంలోని 4,78,600 మంది ఖైదీల్లో 65.90 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాలవారు. జైలు గోడల లోపల కూడా కులం వారిని వదల్లేదు. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు పరిశీలించిన జైలు మాన్యువళ్లు అందుకు నిదర్శనం. సంచార జాతులవారికి పారిపోయే స్వభావం సహజమన్నట్టుగా పశ్చిమ బెంగాల్ నియమావళి రాసుకుంది. పారిశుద్ధ్య పనిని దానికి ‘అలవాటుపడిన’ కులాలకు అప్పగించేలా ఉత్తరప్రదేశ్ నియమావళి ఉంది. ఇటువంటి నిబంధనలన్నిటినీ కోర్టు కొట్టివేసింది. విముక్త జాతులవారిని ఇష్టానుసారం అరెస్టు చేయరాదని పోలీసులను ఆదేశించింది. అంతకు అయిదు నెలల ముందు, మే 7న, ఢిల్లీకి సంబంధించిన మరో కేసులో, అణగారిన వర్గాల అమాయకుల పేర్లు కేవలం ముందే ఏర్పరచుకున్న అభిప్రాయాలతో హిస్టరీ షీట్లకు ఎక్కుతున్న తీరును సుప్రీంకోర్టు ప్రస్తావించింది. షీట్లలో మైనర్ల వివరాలు చేరకుండా ఢిల్లీ పోలీసులు చేసిన మార్పులను అన్ని రాష్ట్రాలూ పరిశీలించాలని చెప్పింది.

సుకన్యా శాంత తీర్పులోని న్యాయతర్కం మనకు ముఖ్యమైనది. సమానత్వం, వివక్ష నిషేధం, అంటరానితనం నిర్మూలన, జీవించే హక్కు, వెట్టిచాకిరీ నిషేధం, వీటిని విడివిడిగా కాక ఒకేచోట చేర్చి చదివారు. 17వ అధికరణనూ 21వ అధికరణనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు పౌరస్వేచ్ఛకు పూర్తి అర్థం వస్తుంది.

దళిత బహుజన రాజకీయాల్లో ఒక సందేహం చాలాకాలంగా ఉంది. మనకు కావలసింది ప్రభుత్వ జోక్యం కదా? అంటరానితనాన్ని నేరం చేసింది ప్రభుత్వం, రిజర్వేషన్లు ఇచ్చింది ప్రభుత్వం, అత్యాచారాల నిరోధక చట్టం తెచ్చింది ప్రభుత్వం. అలాంటప్పుడు ప్రభుత్వ జోక్యాన్ని పరిమితం చేయాలనే పౌరస్వేచ్ఛల వాదం ఆస్తిపరుల వాదం కాదా? ఈ సందేహం తీసిపారేయదగినది కాదు. స్వేచ్ఛ పేరుతో కులపెత్తనాన్ని కాపాడుకున్నవారు మన చరిత్రలో కొల్లలు. కానీ ఒకే పోలీసు స్టేషన్‌ను గమనించండి. దళితుడి మీద దాడి జరిగితే ఎఫ్ఐఆర్ కోసం రోజుల తరబడి ధర్నా చేయవలసి వస్తుంది. అదే దళితుడి మీద, లేదా ఎరుకల యువకుడి మీద షీట్ తెరవడానికి ఒక సంతకం చాలు. రక్షించవలసిన చోట ప్రభుత్వం లేదు, తప్పుకోవలసిన చోట ప్రభుత్వం ఉంది. ఈ రెండూ పరస్పర విరుద్ధమైన సమస్యలు కావు. రెండింటిలోనూ పనిచేస్తున్నది ఒకే చూపు. ఫిర్యాదుదారుగా వచ్చినప్పుడు ఆ మనిషి మాటకు విలువ లేకుండా చేసేదీ, అనుమానితుడిగా కనిపించినప్పుడు అతని మాట వినకుండా చేసేదీ ఆ చూపే.

1948 నవంబరు 4న ముసాయిదాను ప్రవేశపెడుతూ అంబేడ్కర్, గ్రామాన్ని కాదని వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషం వ్యక్తం చేశారు. ఆ మాటను గ్రామ స్వరాజ్యవాదులకు జవాబుగా మాత్రమే మనం చదువుతున్నాం. ప్రభుత్వానికి కూడా అందులో ఒక ఆజ్ఞ ఉంది. వ్యక్తిని అతని కులం నుంచి వేరుచేసి చూడలేని ప్రభుత్వం, ఎన్ని సంక్షేమ పథకాలు ఇచ్చినా, ఆ రాజ్యాంగానికి కట్టుబడినట్టు కాదు.

నేరాలు పెరుగుతుంటే పోలీసులు చేతులు కట్టుకొని కూర్చోవాలా అన్న ప్రశ్న వస్తుంది. రావాలి కూడా, ఎందుకంటే దొంగతనానికీ హింసకూ ఎక్కువగా నష్టపోయేది పేదలే. పదేపదే నేరం చేసిన వ్యక్తి మీద, నిర్దిష్ట ఆధారంతో, నిర్ణీత కాలానికి నిఘా ఉంచడాన్ని ఎవరూ కాదనరు. వ్యక్తి మీద ఆధారపడిన అనుమానానికీ, పుట్టుక మీద ఆధారపడిన అనుమానానికీ తేడా చూపమనే రాజ్యాంగం అడుగుతోంది. పైగా జాతిని అనుమానించే పోలీసు వ్యవస్థకు అసలు నేరస్థుడిని వెతికే శ్రమ తప్పుతుంది. ఊళ్లో దొంగతనం జరిగితే రిజిస్టరులోని నలుగురిని తెచ్చి కూర్చోబెట్టడం పరిశోధన అనిపించుకోదు.

రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలు ఇప్పుడే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. అలవాటు నేరస్థుల చట్టాన్ని రద్దు చేయాలి. రౌడీ షీట్, హిస్టరీ షీట్ వంటివి ఉండాలనుకుంటే వాటిని శాఖాపరమైన ఉత్తర్వుల నుంచి శాసనం పరిధిలోకి తేవాలి. షీట్ తెరిచేముందు రాతపూర్వక కారణాలు, సంబంధిత వ్యక్తికి నోటీసు, జవాబు చెప్పుకునే అవకాశం, గడువు ముగియగానే దానంతటదే రద్దయ్యే ఏర్పాటు, పోలీసు శాఖకు వెలుపలి న్యాయాధికారి సమీక్ష ఆ శాసనంలో ఉండాలి. కేసు కొట్టివేసిన తర్వాత కూడా షీట్ కొనసాగితే అందుకు బాధ్యుడైన అధికారి జవాబు చెప్పాలి. పిల్లల పేర్లు ఏ రికార్డులోనూ చేరకూడదు. కళ్లెదుట నేరం జరుగుతున్న సందర్భాల్లో తప్ప, రాత్రివేళ ఇంట్లోకి ప్రవేశించడానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు తప్పనిసరి కావాలి. రాజ్యాంగ సభ వదిలేసిన ఖాళీని పూడ్చడానికి రాష్ట్రాల స్థాయిలో ఇది తొలి అడుగు అవుతుంది.

ఏటా ఆగస్టు 31న విముక్త జాతుల సంఘాలు విముక్తి దినం జరుపుకుంటాయి. ఆ రోజున పాలకులు సందేశాలు పంపడంతో సరిపెట్టకుండా ఒక చిన్న పరీక్షకు సిద్ధపడాలి. స్టువర్టుపురం నుంచో, మరే ఎరుకల కాలనీ నుంచో ఒక యువకుడు పోలీసు స్టేషన్‌కు వెళ్లి, నా పేరు మీద ఏదైనా షీట్ ఉందా, ఉంటే ఏ కారణంతో తెరిచారు, ఎప్పుడు మూసేస్తారు అని అడగగలగాలి. అలా అడిగినందుకే అనుమానితుడు కాకుండా, రాతపూర్వకమైన జవాబుతో అతడు ఇంటికి తిరిగి రాగలగాలి. అప్పటివరకు మన పాఠ్యపుస్తకాల్లోని 21వ అధికరణ అతని విషయంలో ఇంకా అమల్లోకి రానట్టే.